కుంకుమ కొట్టులో ఎర్ర ఫిల్టరు

మా ఇంట్లో పిల్లలకి ఎక్కాలకన్నా ముందు బేరం వచ్చేది. నరసాపురంలో మా నాన్నది స్టీలు సామాన్ల కొట్టు. కౌంటరు వెనక బోర్లించిన బిందె మీద కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని. పెన్ను పుస్తకం మీద, చెవులు బేరం మీద. ఏ మాటకి కొనేవాళ్ళ చెయ్యి గిన్నె మీంచి లేస్తుందో, ఏ మాటకి మళ్ళీ దాని మీదకే వచ్చి వాలుతుందో నాకు పదేళ్ళకే తెలుసు. పెద్దయ్యాక హైస్కూల్లో ఫిజికల్ సైన్సు టీచరునయ్యాను గానీ, చుట్టాల్లో నాకున్న గౌరవం ఆ ఉద్యోగం వల్ల వచ్చింది కాదు. ఎవరింట్లో పెళ్ళి కుదిరినా, చీరలకి వెళ్ళే కారులో ముందు సీటు నాదే.

మా బేరానికి రెండు భాగాలు. ధర తగ్గించడం మొదటిది. అది ఎవరైనా చేస్తారు. సరుకు సంచీలో పడి, ఇక వీళ్ళు కదులుతారు అని కొట్టాయన ఊపిరి పీల్చుకున్నాక, గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగి, "మరి కొసరండీ?" అనడం రెండోది. శనగపప్పు కొంటే పైన గుప్పెడు, గిన్నెల సెట్టు కొంటే ఒక గరిటె. కొసరు లేకుండా ఇంటికొస్తే మా నాయనమ్మ సంచీ తిరగేసి దులిపి, "ఇంతేనా?" అనేది. ఆ ఒక్క మాటకి భయపడి నేను మందుల షాపులో కూడా కొసరడిగిన రోజులున్నాయి. ఆయన జాలిపడి దగ్గు బిళ్ళ ఒకటి ఇచ్చాడు. నాకు దగ్గు లేదు. అయినా చప్పరించాను.

మా మేనత్తది, అంటే నాన్న చెల్లెలిది, పెనుగొండలో పసుపు కుంకుమల కొట్టు. గుడికి వెళ్ళే వీధిలో, నాలుగు మెట్లెక్కితే వచ్చే చిన్న కొట్టు. ముందు వరసలో పళ్ళేల నిండా కుంకుమ గోపురాలు, వెనక పసుపు గోపురాలు, వాటి వెనక మా అత్తయ్య. ఆవిడ నుదుటి మీద రూపాయి బిళ్ళంత బొట్టు. "అమ్మేదాన్ని నేనే పెట్టుకోకపోతే కొనేవాళ్ళకి నమ్మకం ఎక్కడిది?" అనేది. ఆవిడ పక్కన స్టూలు మీద మా మావయ్య. ఆయన పని పొట్లాలు కట్టడం, అత్తయ్య అడిగినప్పుడు "అవును" అనడం.

మా అత్తయ్యది మంచి నలుపు. మావయ్యది బుగ్గలూ ముక్కూ ఎర్ర జామపండు లోపలి రంగులో ఉండే పచ్చటి ఛాయ. వాళ్ళ పెళ్ళి కుదిరినప్పటి నుంచీ ఈ సంగతి మీద ఏదో ఒకటి అనని చుట్టం లేడు. ఆ మాటలన్నిటికీ అత్తయ్య దగ్గర జవాబులున్నాయి. జవాబు లేనిది ఫోటోలకే. ఏ ఫంక్షన్లో తీసినా ఫ్లాషు దెబ్బకి మావయ్య పెరుగన్నంలా మెరిసేవాడు. ఆయన పక్కన అత్తయ్య చీరా, ముక్కుపుడకా, పళ్ళూ మాత్రం పడేవి. ఆల్బం వచ్చిన ప్రతిసారీ ఆవిడ పేజీలు గబగబా తిప్పేసి, "భోజనాలవాళ్ళు బాగా పడ్డారు" అని మూసేసేది.

రెండువేల సంవత్సరం దాటి ఐదారేళ్ళయింది. మావయ్యకి అరవై నిండుతున్నాయి. షష్టిపూర్తికి రెండు నెలల ముందు అత్తయ్య నన్ను పిలిపించింది. చిన్నప్పటినుంచీ నాకు ఫోటోల పిచ్చి ఉందని, అదీ నలుపు తెలుపు ఫోటోల పిచ్చి అని ఆవిడకి తెలుసు.

"అమ్మాయ్, మా ఇద్దరికీ ఒక ఫోటో తియ్యవే. కొట్లో గల్లాపెట్టె పైన మేకుకి కట్టాలి. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ చూసేలా. నలుపు తెలుపులో తియ్యి."

"అదేంటత్తయ్యా, అందరూ రంగుల్లో కావాలంటుంటే?"

"రంగుల్లో అయితే ఆయన ఆ రంగులో పడతారు, నేను నా రంగులో పడతాను. నలుపు తెలుపులో అయితే ఆయనకీ రంగుండదు, నాకూ ఉండదు. ఇన్నాళ్ళకి తోచిందే నాకు ఈ ఆలోచన!"

మావయ్య పొట్లం కడుతూ, "అవును" అన్నాడు.

ఇందులో పొరపాటు ఉందని నాకు తెలుసు. కానీ ఆవిడ మొహం చూశాక చెప్పబుద్ధి కాలేదు. అరవై దగ్గర పడుతున్న మనిషి, తనకు నచ్చిన ఫోటో ఒక్కటీ లేని మనిషి, ఇన్నాళ్ళకి ఒకటి కావాలని నోరు తెరిచి అడిగింది. తీసి తీరాలి అనుకున్నాను.

దేంతో తీస్తాను అన్నది ప్రశ్న. కాలేజీ రోజుల్నాటి నా ఫిల్ము కెమెరా బాగానే ఉంది గానీ, నలుపు తెలుపు ఫిల్ము ఎక్కడా దొరకడం లేదు. దొరికినా కడిగేవాళ్ళు లేరు. మా వీధి స్టూడియో ఆయన డార్కురూము గోడ పడగొట్టించి అందులో జిరాక్సు మెషిను పెట్టేశాడు. ఇక డిజిటలే దిక్కు. ఎలాగూ కొనాలని రెండేళ్ళుగా డబ్బు దాస్తున్నాను. బస్సెక్కి రాజమండ్రి వెళ్ళాను.

ఆ కెమెరా షాపాయన బక్కపలచటి మనిషి. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, ఎదటివాళ్ళని ఉత్త కళ్ళతో చూస్తాడు. నేను లోపలికి వెళ్తూనే మొదలెట్టాను.

"నలుపు తెలుపు ఫోటోలు తీసే డిజిటల్ కెమెరా చూపించండి."

"ఏదైనా తీస్తుందండి. మెనూలో నొక్కుకోవడమే."

"అంటే రంగులు కూడా ఉన్న కెమెరాయే ఇస్తారా?"

"అన్నిటికీ ఉంటాయండి మేడమ్ గారూ."

"నాకు రంగులు అక్కర్లేదండి. ఆ రంగుల మటుక్కి ధర తీసేసి చెప్పండి."

ఆయన కళ్ళజోడు కిందకి దించుకుని నన్ను మళ్ళీ చూశాడు. "ఇన్నేళ్ళ వ్యాపారంలో ఇలా ఎవరూ అడగలేదండి."

"అడగలేదు కాబట్టే మీరలా అమ్ముతున్నారు."

"భోజనం హోటల్లో పెరుగు వద్దంటే టికెట్టు ధర తగ్గుద్దా అండి?"

"మా ఊళ్ళో తగ్గుద్దండి," అన్నాను. తగ్గదు. నేను అడిగి చూసినదాన్నే.

మొత్తానికి లెన్సు మార్చుకునే కెమెరా ఒకటి, దానితోపాటు వచ్చే చిన్న జూమ్ లెన్సుతో సహా, గంటన్నర బేరం మీద ఖాయమైంది. అప్పుడాయన అద్దాల బీరువాలోంచి పొట్టి లెన్సు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. చేతిలో పట్టుకుంటే కుంకుమ భరిణెంత ఉంది.

"మొహాలు తీస్తానంటున్నారు కాబట్టి చెబుతున్నానండి. ఇది తీసుకోండి. దీనికి జూమ్ ఉండదు. కానీ నోరు పెద్దది, వెలుగు బాగా తాగుద్ది. కొట్లో, ఇంట్లో ఫ్లాషు లేకుండా ఉన్న వెలుగులోనే తీసెయ్యొచ్చు."

"జూమ్ ఉన్న లెన్సు కెమెరాతోపాటే ఇస్తూ, జూమ్ లేని దానికి విడిగా డబ్బులా?"

"పోనీ ఇంకో మాట వినండి. నలుపు తెలుపు కావాలన్నా ముందు రంగుల్లోనే తియ్యండి. తర్వాత కంప్యూటర్లో నలుపు తెలుపు చేసుకోవచ్చు. ఆ సీడీ డబ్బాలోనే ఉంది."

"రంగులకి డబ్బెందుకివ్వాలని నేనంటుంటే, మీరు రంగుల్లోనే తియ్యమంటారేంటండి?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ నుదుటి మీదకి తోసుకున్నాడు. అమ్మేవాడిచ్చే సలహా ఏదైనా సరుకు వదిలించుకోవడానికే అన్నది నేను పుట్టి పెరిగిన నమ్మకం. మా నాన్న ఇచ్చే సలహాలన్నీ అలాంటివే మరి. ప్రెషర్ కుక్కరు కొనడానికొచ్చినవాళ్ళకి ఇడ్లీపాత్ర ఎంత అవసరమో ఆయన ఎంత ఆప్యాయంగా చెప్పేవాడో విన్నదాన్ని. అందుకని ఆ రోజు షాపాయన చెప్పిన రెండు మంచి మాటలూ అక్కడే బల్ల మీద వదిలేసి, సంచీ భుజానికి తగిలించుకుని, గుమ్మం దాకా నడిచి, ఆగాను.

"మరి కొసరండీ?"

ఆయన నీరసంగా నవ్వాడు. ముందు స్టాండు అడిగాను, కుదరదన్నాడు. బ్యాటరీ అడిగాను, చేతులు జోడించాడు. చివరికి బల్ల కిందనుంచి దుమ్ము పట్టిన అట్టపెట్టె లాగి, అందులో ఉన్న గుండ్రటి గాజు ఫిల్టర్లు చూపించాడు. లెన్సు ముందు బిగించుకునేవి. పసుపు, ఆకుపచ్చ, ఎరుపు. ఫిల్ము రోజుల్నాటి సరుకు, ఇప్పుడెవరూ అడగడం లేదు, మీ లెన్సుకి సరిపోతాయి, ఏదో ఒకటి తీసుకోండి అన్నాడు.

ఏది దేనికో నాకు తెలియదు. అడిగితే తెలియదని తెలిసిపోతుంది. తెలియదని తెలిస్తే నా పరువేం కాను? మా ఇంటి పద్ధతిలో మూడు డబ్బాలూ తిరగేసి అంటించిన ధర చూశాను. ఎర్రదాని ధర అన్నిటికన్నా ఎక్కువ. అది తీసుకున్నాను.

"మేడమ్ గారూ, అది మబ్బులు తీసేటప్పుడు..." అని ఆయన వెనకనుంచి ఏదో చెప్పబోయాడు. మనసు మార్చుకుని వెనక్కి అడుగుతున్నాడనుకుని నేను మెట్లు దిగేశాను.

వారం తర్వాత ఆదివారం పొద్దున్నే పెనుగొండ వెళ్ళాను. కొట్టు ముందు వీధిలో ఎండ వాలుగా పడుతోంది. కుంకుమ గోపురాల వెనక ఇద్దర్నీ కూర్చోబెట్టాను. అత్తయ్య పట్టుచీర కట్టుకుని, మామూలుగా పెట్టుకునే బొట్టు మీద ఇంకో చుట్టు తిప్పి పెద్దది చేసుకుంది. మావయ్య నుదుట కూడా నిలువు బొట్టు దిద్దింది. నేను కెమెరాని నలుపు తెలుపులో పెట్టాను. ఎర్ర ఫిల్టరు బిగించాను. నలుపు తెలుపు తీసేవాళ్ళు ఫిల్టర్లు వాడతారని ఎప్పుడో ఎక్కడో చదివిన గుర్తు. దానికి తోడు ఊరికే వచ్చిన వస్తువు వాడకుండా డబ్బాలో ఉంచడం మా వంశంలో లేదు.

తీసి, వెనకున్న చిన్న తెర మీద చూశాను. నా కళ్ళని నేనే నమ్మలేకపోయాను. మా అత్తయ్య పాలమీగడలా ఉంది.

మావయ్య మెడ సాచి చూసి, "ఎవరీవిడ?" అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన తనంతట తాను వేసిన మొదటి ప్రశ్న అదే అయ్యుంటుంది.

అత్తయ్య కెమెరా రెండు చేతుల్తో పట్టుకుని, కళ్ళజోడు లేకుండానే ఆ అగ్గిపెట్టెంత తెర మీదకి వంగింది. "ఇది నేనేనా?" అంది. ఎదురుగా కొబ్బరికాయలమ్మే ఆవిణ్ణి కేకేసి చూపించింది. ఆవిడ, "అచ్చు దొరసానిలా ఉన్నారండి," అంది. ఆ రోజు కుంకుమ కొన్నవాళ్ళందరికీ మా అత్తయ్య అడక్కుండానే కొసరేసింది. నేను అక్కడే నిలబడి, ఎంత గొప్ప కెమెరా కొన్నానో, అందులోనూ ఎంత గొప్ప కొసరు రాబట్టానో, కొబ్బరికాయలావిడకి రెండుసార్లు చెప్పాను.

ఫోటో పెద్ద సైజులో ఫ్రేము కట్టించాను. లాబ్‌కి వెళ్ళి తెచ్చుకునేటప్పుడు మా ఇంటి శిక్షణంతా చూపించాను. ఫ్రేము నాలుగు మూలలూ కలిశాయా అని గోరుతో గీరి చూశాను. అద్దం మీద గీతలున్నాయేమో వెలుగుకి పెట్టి చూశాను. వెనక కొక్కెం లాగి చూశాను. పాలిష్ ఒకచోట పల్చగా ఉందని ధర తగ్గించాను. అన్నీ చూశాను, ఒక్క ఫోటో తప్ప. ఫోటో ఎలా ఉందో నాకు తెలుసు కదా! న్యూస్ పేపరు చుట్టించి బస్సెక్కాను.

షష్టిపూర్తి రోజున, మావయ్య అత్తయ్య మెళ్ళో రెండోసారి మంగళసూత్రం కట్టాక, అక్షింతలు పడ్డాక, చుట్టాలందరూ కుర్చీల్లో ఉండగా, నేను ఫ్రేము వేదిక మీదకి తీసుకెళ్ళి కాగితం చించాను.

మావయ్య పెద్దక్కగారు ముందు వరసలోంచి లేచి దగ్గరకొచ్చి, గట్టిగా అంది: "ఓరి దేవుడా! బొట్టేదే?"

అప్పుడు చూశాను. అగ్గిపెట్టెంత తెర మీద కనపడనిది, పెద్ద ఫోటోలో గోడలా కనపడింది. అత్తయ్య నుదురు నున్నగా, తెల్లగా, ఖాళీగా ఉంది. రూపాయి బిళ్ళంత బొట్టు, దాని మీద తిప్పిన ఇంకో చుట్టు, ఏమీ లేవు. పెదాలు కూడా చర్మంలో కలిసిపోయాయి. సూత్రం కట్టించుకుని పది నిమిషాలైనా కాలేదు, ఫోటోలో మా అత్తయ్య బొట్టు చెరిపేసుకున్నదానిలా ఉంది.

"మావాడు ఇక్కడే కూర్చున్నాడు కదే, బాగానే ఉన్నాడు కదే!" అని ఆ పెద్దావిడ తమ్ముడి భుజం తడిమి చూసుకుంది.

"నేను ఫోటోలో కూడా పక్కనే ఉన్నానక్కా," అన్నాడు మావయ్య, తన వైపు నుంచి సాక్ష్యం చెబుతున్నట్టు.

"నీ మొహానా బొట్టు లేదురా!"

వెనక వరసలోంచి ఎవరో, "ముందు ఆ పళ్ళేల్లో గుట్టలేంటండి? వదినగారు ఉప్పు వ్యాపారం ఎప్పుడు పెట్టారు?" అన్నారు. నిజమే. కుంకుమ గోపురాలు తెల్లగా ఉన్నాయి. పసుపు గోపురాలూ తెల్లగానే ఉన్నాయి. పెనుగొండ మొత్తానికి కుంకుమ పంచే కొట్టులో చిటికెడు కుంకుమ లేదు.

అత్తయ్యకి ఏం తోచిందో, పక్కనున్న కుంకుమ పళ్ళెంలో ఉంగరం వేలు ముంచి, ఫ్రేము అద్దం మీద తన నుదురు దగ్గరకి తీసుకెళ్ళింది. పెద్దావిడ ఆ చెయ్యి గాల్లోనే పట్టుకుంది.

"నీకేమైనా పిచ్చా? అద్దం మీద బొట్టు ఎవరికి పెడతారే? పోయినవాళ్ళకి పెడతారు! తర్వాత దండ కూడా వేస్తావా?"

పెట్టకపోతే మావయ్యకి గండం, పెడితే అత్తయ్యకి గండం. పంతులుగారు కూడా వంగి చూసి, దీనికి విధి ఏదీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, ఆశీర్వచనంలోకి దూకేశారు. ఫ్రేము గోడవైపు తిప్పి బియ్యం బస్తాల వెనక పెట్టేశారు.

భోజనాల దగ్గర అత్తయ్య నా విస్తట్లో గారె వేస్తూ, ఎవరికీ వినపడకుండా అంది: "నువ్వేం బాధపడకే. కొందరి మొహాలు ఫోటోకి రావంతే. నాలుగు రోజులు తెల్లగా ఉన్నానుగా, చాల్లే." నవ్వుతూనే అంది.

మర్నాడు రాజమండ్రి బస్సెక్కాను, ఆ షాపాయన్ని నిలదీద్దామని. ఆయన నా మాటలన్నీ విని, తెల్లకాగితం మీద ఎర్ర పెన్నుతో పెద్ద చుక్క పెట్టాడు. ఎర్ర ఫిల్టరు నా కంటి ముందు పట్టుకుని చూడమన్నాడు. చుక్క లేదు.

"ఎర్ర గాజులోంచి ఎరుపూ తెలుపూ ఒకలాగే ఉంటాయి కదండీ. నీలం నల్లగా అవుతుంది. అందుకే ఆకాశానికి బాగుంటుందండి. మబ్బులు తెల్లగా పైకి లేస్తాయి. ఆ రోజు చెబుదామనుకున్నాను, మీరు మెట్లు దిగిపోయారు. ఇంతకీ మీరేం చేస్తుంటారండి?"

"టీచర్నండి."

"ఏ సబ్జెక్టండి?"

"సోషలండి," అన్నాను. ఎర్ర గాజులోంచి ఎర్ర గులాబీని, పచ్చటి ఆకుని చూస్తే ఎలా కనపడతాయన్నది నేను ఏటా పరీక్షలో ఇచ్చే ప్రశ్న. తప్పు రాసినవాళ్ళని బెంచీ ఎక్కించిన చరిత్ర కూడా ఉంది.

"పోనీ తీసిన ఫోటోలోనే బొట్టు వెనక్కి తెప్పించలేమా అండి?"

"కెమెరాని నలుపు తెలుపులో పెట్టి తీశారు కదండీ. బొట్టు రంగు లోపలికే రాలేదు. ఉంటే కదా తెప్పించడానికి? మళ్ళీ తియ్యాల్సిందే. ఫిల్టరు పక్కన పెట్టి, రంగులన్నీ ఉంచి తియ్యండి. తర్వాత కంప్యూటర్లో ఏ రంగు ఎంత నల్లగా ఉండాలో మీరే జరుపుకోవచ్చు."

నలుపు తెలుపు ఫోటోకి కావలసినవి రంగులని అప్పటికి నాకు బోధపడింది. ఆ పొట్టి లెన్సు ధర అడిగి, ఆయన చెప్పింది చెప్పినట్టు ఇచ్చేశాను. ఆయన కంగారుగా, "ఒంట్లో బాగానే ఉందా మేడమ్ గారూ?" అన్నాడు. గుమ్మం దగ్గర నేను ఆగకుండా వెళ్ళిపోవడం చూసి ఇంకా కంగారుపడి ఉంటాడు.

అసలు కష్టం అత్తయ్యని మళ్ళీ కూర్చోబెట్టడం. ఫోన్లో అడిగితే, "ఆ మాటెత్తితే ఊరుకోను," అని పెట్టేసింది. కొట్టుకి వెళ్ళాను. నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయి, పసుపు జల్లించడం మొదలెట్టింది. నేను మెట్ల మీద కూర్చున్నాను. అరగంట గడిచింది. మావయ్య పొట్లాల దారం తెంపి పక్కన పెట్టి, చొక్కా సర్దుకుని, "పోనీ నాకొక్కడికి తియ్యమ్మా. గల్లాపెట్టె మీద మేకు ఖాళీగా ఉంది కదా," అన్నాడు.

జల్లెడ చప్పుడు ఆగింది.

"ఏంటీ? మీ ఒక్కరి ఫోటో, నలుపు తెలుపులో, పెద్దది, గోడకి కడతారా? వచ్చిన ప్రతివాళ్ళూ, 'ఎప్పుడు జరిగిందండీ?' అని నన్నడగడానికా?"

"నువ్వు కూర్చోనన్నావుగా."

"జరగండి అటు!" అంటూ అత్తయ్య పసుపు చేతుల్తోనే వచ్చి స్టూలు మీద కూలబడింది. ఇన్నేళ్ళూ "అవును" అని గడిపిన మనిషికి ఇంత తెలివి ఉందని నాకప్పుడే తెలిసింది. ఆవిడకి మటుకు ముందే తెలుసనుకుంటాను, ఆయన వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు మొహం మీద ఉండగానే తీసేశాను. పొట్టి లెన్సు, ఫ్లాషు లేదు, ఫిల్టరు లేదు, లోపలి వెలుగే.

తర్వాతి ఆదివారం ఇద్దరూ నరసాపురం మా ఇంటికొచ్చారు. నేనే రమ్మన్నాను. ఈసారి ఆవిడ చూడకుండా ఏదీ కాగితం మీదకి ఎక్కించకూడదని ఒట్టు పెట్టుకున్నాను. మా కంప్యూటర్ ముందు అత్తయ్యని కూర్చోబెట్టి, ఫోటో తెరిచి, రంగు తీసేశాను. పక్కన మూడు మీటలు వచ్చాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం. మౌసు ఆవిడ చేతిలో పెట్టి, ఎలా జరపాలో చూపించాను.

"ఎర్రది అటు జరిపితే నువ్వు తెల్లగా అవుతావత్తయ్యా, కానీ బొట్టు పోతుంది. తగ్గించి మిగతా రెండూ పెంచితే బొట్టు వస్తుంది, కానీ నువ్వు..."

"తెలిసిందిలే," అంది.

ఎర్రది పూర్తిగా అటు జరిపింది. షష్టిపూర్తి నాటి దొరసాని వచ్చింది. కాసేపు ఆవిణ్ణే చూసింది. తర్వాత మౌసుని గింజగింజా వెనక్కి లాగింది, మా కొట్లో బేరం ఆడేవాళ్ళు ఒక్కో రూపాయి కదిపినట్టు. నుదుటి మీద మసక మచ్చ ఒకటి పుట్టింది. "ఇంత చాల్దు," అని ఇంకొంచెం లాగింది. బొట్టు అంచులు తేరాయి, మొహం మీద నీడ దిగింది. మళ్ళీ ముందుకి తోసింది. మొహం తేలింది, బొట్టు కరిగింది. అలా ఎంతసేపో. ఏ పాయింటు దగ్గరా ఆవిడకి గిట్టుబాటు కావడం లేదు. నేను కుర్చీ వెనక నిలబడి, జీవితంలో మొదటిసారి ఒక బేరం ఎటు తెగుతుందో తెలియక చేతులు నలుపుకుంటున్నాను.

ఒకసారి ఎర్రది బాగా వెనక్కి లాగి, ఆకుపచ్చా నీలం ముందుకి తోసి, ఠక్కున చెయ్యి ఆపేసింది. "ఆగాగు. ఆయన మొహం చూడు."

చూశాను. అత్తయ్య ఉన్న నలుపులో ఉంది, నిండుగా. బొట్టు కాటుకంత నల్లగా, గుండ్రంగా, తెర మొత్తానికి మేకు కొట్టినట్టు ఉంది. కుంకుమ గోపురాలు బరువుగా కూర్చున్నాయి. పక్కన మావయ్య జామపండు బుగ్గలూ ముక్కూ, అందులో ఎరుపు ఉన్న చోటల్లా, ఆవిడకన్నా ఒక పాలు ఎక్కువే నల్లబడ్డాయి.

"ఇంకొంచెం జరుగుద్దా?" అంటూ ఇంకొంచెం జరిపింది.

మావయ్య వెనకనుంచి తొంగి చూసి లబోదిబోమన్నాడు. "ఇదేంటే! కాకరకాయ వేపుడులా ఉన్నాను!"

"బానే ఉన్నారు."

"ఏం బావుంది? కొట్టుకొచ్చేవాళ్ళు ఏమనుకుంటారు?"

"నలభై ఏళ్ళనుంచీ ఏ ఫోటో చూసినా జనం మీ వంక చూసి, నా వంక చూసి, మళ్ళీ మీ వంక చూశారు. ఒక్కసారి అటునుంచి ఇటు చూడనివ్వండి. ఏం పోయింది?"

మావయ్య "అవును" అనలేదు. కుర్చీ పట్టుకుని వంగి, ఈసారి తనని వదిలేసి ఆవిణ్ణి చూశాడు. ఫోటోలో అత్తయ్య పెదవి ఒక పక్కకి కొద్దిగా వంగి ఉంది, నవ్వు ఆపుకుంటున్నట్టు. "కళ్ళు బాగా పడ్డాయే నీకు," అన్నాడు.

అత్తయ్య మౌసు మీంచి చెయ్యి తియ్యలేదు. "అమ్మాయ్, ఇది ఇలాగే ఉండిపోవాలంటే ఏం చెయ్యాలే?"

సేవ్ బటన్ చూపించాను. నొక్కింది. మళ్ళీ నొక్కింది. ఇంకోసారి నొక్కింది.

"ఒక్కసారి చాలత్తయ్యా."

"నువ్వుండవే. కొత్త ఫోటో కదా, గట్టిగా పట్టాలి," అని నాలుగోసారి నొక్కింది.